మిట్టమీది నీళ్లు

దూరదేశమునకు చదువుకొనబోయిన పిల్లలు వ్రాయు జాబులను చదువుట మావంటి ఉపాధ్యాయులకు లభించు కొలదిపాటి సుఖములలో నొకటి. మొదటి జాబు చలిని గూర్చి యుండును. రెండవది తిండిని గూర్చి యుండును. మూడవ జాబు నాటికి చేత కొంత సొమ్ము మిగిలి, ఒక సెలవుదినము చిక్కి, వారు ఊరు చూడ బయలుదేరుదురు. కోట యెంత యెత్తున నున్నది, స్తంభమున కెన్ని మెట్లు, ప్రాసాదమును ఏ రాజు కట్టించెను, ఇవన్నియు ఆ జాబున వరుసగా నుండును. చదివి సంతోషింతుము, పదిదినములకు మరచిపోదుము. ఒక యూరిని చూచుట యనగా నేమి యను ప్రశ్నము మాత్రము అందువలన తీరదు.

తెలుగున యాత్రను గ్రంథముగా వ్రాసినవారిలో మొట్టమొదట తలపవలసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీము కోర్టున ద్విభాషిగా నుండిన యీయన 1830 మే నెలలో పరివారముతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఆ గ్రంథమున దేవాలయములు కలవు, స్థలమహాత్మ్యములు కలవు. వానితోపాటు మజిలీ తరువాత మజిలీగా, ఆ యూర నీళ్లు దొరకునా, అంగళ్లున్నవా, దిగుటకు చోటు కలదా యను విచారణయు కలదు. వందమందిని వెంటబెట్టుకొని నడచువానికి అది అవసరమే. అయినను ఆ పుస్తకము నేటికిని జీవించియుండుటకు ఆ విచారణయే ముఖ్యకారణ మని నా తలంపు. గుడి యెంత గొప్పదో ఎవరైనను చెప్పగలరు. గుడి యెదుట చెరువు ఎండినదో నిండినదో చెప్పినవాడే ఆ యూరు చూచినవాడు.

ఈ మాటలు వ్రాయుటకు ప్రేరణము నా శిష్యురాలి జాబు. ఆమె ప్రస్తుతము స్కాట్లండు రాజధానియగు ఎడింబరో విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రము చదువుచున్నది. మా అనంతపురమునకు దక్షిణముగా నున్న యొక పల్లె ఆమె స్వస్థలము. తండ్రి చిన్ననాడే గతించెను. తల్లి వేరుసెనగ చేలలో కూలిచేసి ముగ్గురు పిల్లలను పెంచినది. పెద్దది యీ శిష్యురాలు. నడిమివాడు డిగ్రీ చదువుచున్న కొడుకు. చిన్నది మా పాఠశాలలోనే పదవతరగతి చదువుచున్నది. పెద్దపిల్లకు ప్రభుత్వ విద్యార్థివేతనము లభించినది గనుక ఈ పయనము సాధ్యమైనది. వారమున కొకసారి తల్లితో ఫోనున మాటలాడును. కాని పది నిమిషముల మాటలో ఊరు వర్ణించుటకు వీలులేదు గనుక, తాను చూచినదెల్ల తీరికగా వ్రాసి నాకు పంపెను. అమ్మకు చదివి వినిపింపుడని చివర కోరెను.

ఆ జాబు బాగుగానే యున్నది. ఎడింబరో కొండలమీద వెలసిన నగరము. రోమువలె దీనికిని ఏడుకొండ లున్నవని చెప్పుకొందురు. నడుమ ఒక నల్లరాతి గుట్ట, దానిపై కోట. ఆ గుట్ట సుమారు ముప్పదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వము మండి చల్లారిన అగ్నిపర్వతపు గొంతులో గట్టిపడిన రాయి. తరువాతి యుగములలో పడమట నుండి వచ్చిన హిమప్రవాహము ఆ రాతిని కోయలేక ఇరుప్రక్కలను తొలుచుకొని పోగా, రాతివెనుక మాత్రము మన్ను తోకవలె మిగిలినది. ఆ తోకవెంబడి కోటనుండి హోలీరూడు ప్రాసాదము వరకు ఒక మైలుపొడవున పాత నగరపు రాజవీధి దిగుచున్నది. దానికి తూర్పున ఆర్థరు పీఠమను 823 అడుగుల కొండ. దాని ప్రక్కనున్న కొండచరియలను పరిశీలించియే పదునెనిమిదవ శతాబ్దమున జేమ్సు హట్టను భూమి వయస్సు మనుష్యుల లెక్కకు అందనిదని ఊహించెను. శిష్యురాలు ఆర్థరు పీఠ మెక్కి, సముద్రమును చూచి, గాలికి నిలువలేక దిగివచ్చెనట. వాల్టరు స్కాటు స్మారకమున 287 మెట్లు లెక్కించెనట. కోటలో మధ్యాహ్నము ఒంటిగంటకు పేల్చు ఫిరంగి విని ఉలికిపడెనట. 1861 నుండి ఆ యాచారము నడచుచున్నది.

“మన పెనుకొండ, గుత్తి చూచినదానికి ఎత్తు క్రొత్త గాదు. ఇచ్చటి రాయి నల్లన, మనది ఎఱ్ఱన. ఇచ్చట ప్రతిరాతిమీదను పచ్చిక యున్నది. అదియే వింత” అని ఆమె ముగించెను.

ఈ జాబును చదివి వినిపించుటకు నేను పల్లెకు పోవలసిన పని లేకపోయినది. ఆ వారముననే తల్లి మా పాఠశాలకు వచ్చెను. చిన్నపిల్లకు వారమున రెండు దినములు సెలవు ఇప్పించుకొనుట ఆమె వచ్చిన పని.

“ట్యాంకరు వచ్చే దినాలు పిల్లను పంపలేను అయివారూ. నేను కూలికి పోవల్ల. బిందెలు పట్టేదానికి ఇంట్లో మనిషి ఉండల్ల” అని ఆమె చెప్పినది.

ఫిబ్రవరి నెల. పరీక్షలకు నెలపైన కొన్ని దినములు మాత్రమే యున్నవి. ఆ యూర బోరు ఎండిపోయినది. నీళ్లబండి ఎప్పుడు వచ్చునో చెప్పువాడు లేడు. వచ్చినప్పుడు లేనివారికి నీళ్లు లేవు. ఆ స్థితిలో ఆమెకు చదువు మహిమను ఉపన్యసించుట నాకు తగదని తోచినది. కూర్చుండుమని చెప్పి ముందు పెద్దకూతురి జాబు చదివితిని. కోటయు, ప్రాసాదమును, కొండయు అన్నియు నామె శ్రద్ధగా విన్నది. చివర నొక్క మాట అడిగినది.

“అదంతా బాగుండాది అయివారూ. అంత మిట్టన ఊరు కట్టినారు గదా, ఆ మిట్టకు నీళ్లెవురు మోసినారంట?”

నేను ఇంగ్లీషున ఆ నగరమును గూర్చి కొన్ని పుస్తకములు చదివినవాడను. కోట ముట్టడులను, కవులను, తత్త్వవేత్తలను గూర్చి కొంత చెప్పగలను. ఆ తల్లి యడిగిన ప్రశ్నమునకు సమాధానము మాత్రము పుస్తకమున వెదకుటకంటె, అచ్చటనున్న కండ్లతో చూచి తెలిసికొనుట మేలనిపించినది. అందుచేత ఆ ప్రశ్నమును ఆమె మాటలలోనే వ్రాసి శిష్యురాలికి పంపితిని. సెలవు సంగతి వారము తరువాత చూతమని తల్లికి చెప్పితిని.

శిష్యురాలు మరుసటి ఆదివారము మరల ఊరు చూడ బయలుదేరెను. ఈసారి మొదట కోటలోని బావి కడకు పోయెను. దానిని ముంగిటి బావి యందురు. రాతిలో 110 అడుగుల లోతు తవ్వినది. అంత లోతు తవ్వియు ఆ కోటకు నీటిభయము తీరలేదు. 1573లో మేరీరాణి పక్షమున ఆ కోటను పట్టుకొనియుండిన సర్ విలియం కిర్కాల్డీపై శత్రువులు ఫిరంగులు నడిపిరి. దెబ్బలకు దావీదు బురుజు కూలి ఆ రాళ్లు బావిని పూడ్చివేసెను. గోడలు కొంత నిలిచియుండగనే, మందు కొంత మిగిలియుండగనే, దప్పికకు తాళలేక కోట లొంగిపోయినది. ఫిరంగికంటె ముందు దాహమే కోటను గెలిచినది.

ఈ భాగము చదివినప్పుడు నాకు గుత్తి జ్ఞప్తికి వచ్చెను. మా యూరికి ఉత్తరమున ముప్పది మైళ్లమీద నున్న ఆ కోటకు నేను ప్రతియేట పిల్లలను తీసికొనిపోవుచుందును. కొండ కొననంచున మొరారిరావు ఘోర్పడే కూర్చుండు మండప మున్నది. పిల్లలందరు దానిని చూడ పరుగెత్తుదురు. రాతిదొనలును బావులును ఆ కొండమీద ననేకములు. వాన నీటిని ఒక్క బొట్టు పోనీయక పట్టుకొనుటకై పూర్వులు పడిన పాటు అచ్చట రాతిలో చెక్కినట్లున్నది. అయినను 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు, కొండమీద చేరిన జనమునకును పశువులకును ఆ నీరు చాలలేదు. నీళ్లు అడుగంటిన సంగతి హైదరునకు తెలియుటతో మొరారిరావు లొంగిపోవలసివచ్చినది. ఐదువేల మైళ్లు పోనీ, రెండువందల యేండ్లు పోనీ, మిట్టకోటల కథ ఒక్కటియే. ఎత్తు రక్షణ నిచ్చును. ఎత్తునకు నీరెక్కనిచో ఆ రక్షణయే బందిఖానా యగును.

శిష్యురాలు కోట దిగి రాజవీధిలో నడచెను. వీధిలో అక్కడక్కడ రాతితో కట్టిన చిన్న మండపములవంటి నీటితావులు నేటికిని నిలిచియున్నవి. ఇప్పుడు వానిలో నీరు లేదు. యాత్రికులు వానికి వీపు ఆనించి ఛాయాపటములు తీయించుకొందురు. మొదటిసారి తానును అట్లే తీయించుకొనినదట; అవి యేమో అప్పుడు తెలియదు. వాని చరిత్ర యిది. నగరమునకు నీరు తెచ్చుటకు 1621లోనే స్కాట్లండు పార్లమెంటు చట్టము చేసెను. చట్టము చేసిన యేబది యేండ్లకు, 1670ల దశకమున గాని పని సాగలేదు. నగరమునకు దక్షిణమున మూడుమైళ్ల దూరమున కామిస్టను అను చోట ఊటలు కలవు. వానిలో నాలుగింటికి నక్క, కుందేలు, హంస, తీతువు అని పేళ్లు. ఆ ఊటలు కోటవీధికంటె ఎత్తున నున్నవి గనుక, సీసపు గొట్టమున పోసిన నీరు నడుమనున్న పల్లమునకు దిగి, తన మట్టమును తాను వెదకుకొనుచు, ఎవరును తోడకయే మిట్టమీదికి ఎక్కెను. అచ్చటి తొట్టిలో నిలిచి, అందుండి వీధి తావులకు దిగెను.

నీరు వీధి వరకు వచ్చినది. కాని ఇండ్లు వీధిలో లేవు, ఆకాశమున నున్నవి. కోటగోడల నడుమ చోటు చాలక ఆ నగరమువారు అంతస్తుపై అంతస్తు కట్టిరి. కొన్ని యిండ్లు పది అంతస్తులకు మించియుండెను. వీధి నుండి పై యంతస్తునకు నీరు మోయుటకు వేరుగ జనము పుట్టిరి. వారిని నీటి కేడీలనిరి. చిన్నపీపాలను వీపున కట్టుకొని, ఇరుకు మలుపుమెట్లలో రాత్రింబవళ్లు ఎక్కి దిగుచు వారు బ్రదికిరి. వారిలో ఆడువారును మగవారును కూడ కలరు. తావు కడ వంతుకొరకు గంటలకొలది నిలిచియుండిరి. ఒకే మెట్లదారిలో నడిమి యంతస్తులందు ధనికులును, నేలమాళిగలందును అటకలందును బీదలును కాపురముండిరి. అటకమీది బీదరాలికి కూలినిచ్చి నీరు మోయించుకొను శక్తి లేదు. ఆమె తన నీరు తానే మోసికొనెను. తరువాత 1767లో క్రొత్త నగరమునకు పటము సిద్ధమైనది. ధనికులు లోయదాటి విశాలమైన వీధులకు తరలిపోయిరి. పాత యిండ్లలో బీదలు మాత్రము మిగిలి క్రిక్కిరిసిరి. ఆ నగరపు ఆరోగ్యాధికారి హెన్రీ లిటిల్‌జాను 1865లో వీధివీధి తిరిగి వ్రాసిన నివేదికలో ఆ ఇరుకును, మురుగును, నీటికొరతను లెక్కలతో చూపెను. అటుపిమ్మట పురపాలకులకు కదలక తప్పినది కాదు.

ఇది చదివి “చూచితిరా, తెల్లవారును మనవలెనే కష్టపడిరి” అని తృప్తిపడుట సులభము. నా కా తృప్తి కలుగలేదు. నా బాల్యమున మా పల్లెలో ఊరిబావి యొకటి యుండెను. దాని చప్టా కడ, కొంచెము దూరముగా, కొందరు స్త్రీలు బిందెలు నేలపై పెట్టి నిలుచుండెడివారు. వారు బావిలో చేదవేయరాదు. ఎవరైనను దయదలచి పోసినచో పట్టుకొని పోవలెను. పోయనిచో ఎండలో నిలువవలెను. ఎడింబరో కేడీ వంతుకొరకు నిలిచినాడు. వంతు వచ్చినప్పుడు పీపాను తానే నింపుకొనినాడు. మా బావి కడ నిలిచిన వారికి వంతు అనునది లేదు. పేదరికము రెండు చోట్లను ఉండెను. బావిని అంటరాదను శాసనము మాత్రము మనది. ఇప్పుడు ట్యాంకరు వచ్చి ఆ నియమమును చాలవరకు చెరిపివేసినది. అది మన మనస్సు మారినందువలన కలిగిన మార్పా, బావి ఎండినందువలన కలిగిన మార్పా యని ఎవరికి వారు తర్కించుకొనవలెను.

నీళ్ల సంగతి వచ్చినప్పుడు మావారు ఆకాశమును నిందింతురు. ఆ నిందలో నిజము లేకపోలేదు. పడమటి కనుమలు నైరృతి మేఘమును ఆపివేయును. ఈశాన్యమేఘము తూర్పుతీరమున కురిసి కురిసి మా కడకు వచ్చుసరికి వట్టిపోవును. మా జిల్లాకు సాలున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. సరే, పచ్చికతో నిండిన ఎడింబరోలో నెంత కురియును? నా శిష్యురాలు గణాంకశాస్త్రము చదువునది గనుక ఆ లెక్క వెదకి పంపెను: సుమారు 700 మిల్లీమీటర్లు. నే నాశ్చర్యపడితిని. వారిది మనకంటె మూడింతలో నాలుగింతలో యుండునని మా పిల్లలందరి యూహ. భేదము వాన పరిమాణమున కొంతయే. వాన వచ్చు తీరున చాల. వారికది ఏడాది పొడవున సన్నగా కురియును, చల్లని నేలలో ఇంకును. మనకు కొన్ని దినములలో కుంభవృష్టిగా పడి, ఒకపాలు వాగులపాలై, ఒకపాలు ఎండకు ఆవిరియగును. కనుక నిలువచేసికొనుట వారికంటె మనకు నూరురెట్లు ముఖ్యము.

పూర్వు లీ మర్మ మెరుగనివారు కారు. బుక్కరాయల కాలమున, 1364లో, పండమేరునకు అడ్డముగా కట్టవేసి బుక్కరాయసముద్రపు చెరువు నిర్మించిరని చెప్పుదురు. ఆ చెరువునుబట్టియే మా యూరు వెలసినది. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు కడ 1369 నాటి సంస్కృత శాసన మొకటి కలదు. సంస్కృతము చదివిన వారందరు ఒకసారి చూడదగినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పవలసిన ఆరు దోషములను అది వివరించును. ధర్మాత్ముడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు, గట్టినేల, తీయని నీటి నది, దగ్గరలో రాతిగని, నేర్పుగల పనివారు, ఇట్లు లెక్క సాగును. వేయిమంది కూలీలు, రాతికి నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టెనని కూడ శాసనము చెప్పుచున్నది. కట్టించిన భాస్కరుని పేరు అందున్నది. వేయిమందిలో ఒక్కరి పేరు లేదు. ఆ తల్లి ప్రశ్నము విన్న తరువాత నేను ఆ శాసనమును మరల చదివితిని. వేయిమంది యను ఆ సంఖ్యయైనను చెక్కించిన భాస్కరునకు మనసులో నమస్కరించితిని. చాల శాసనములలో అదియు లేదు.

ఎడింబరోవారి కథలో తరువాత నేమైనది? 1869లో నీటి సరఫరా ఒక ప్రయివేటు కంపెనీ చేతినుండి ప్రజాసంస్థ చేతికి వచ్చెను. 1905లో, ముప్పది మైళ్లకు మించిన దూరమున కొండల నడుమ నున్న తల్లా జలాశయమునుండి నీరు తన బరువుచేత తానే నగరమునకు వచ్చునట్లు కాలువలు, గొట్టములు వేసిరి. ఇంటింట కొళాయి వచ్చినది. కేడీల వృత్తి చరిత్రలో కలిసినది. మనకో, నీరు పల్లమున, మనము మిట్టన. కృష్ణనీటిని శ్రీశైలపు జలాశయమునుండి పంపులతో మెట్టుమెట్టుగా ఎత్తి హంద్రీనీవా కాలువద్వారా తెచ్చిరి. 2012లో అది మా జిల్లాలోని జీడిపల్లికి చేరినది. ఆనాడు కాలువగట్టున నిలిచిన ముసలివారు దోసిట నీరు పట్టి కండ్లకద్దుకొనిరి. నీరు జిల్లాలోనికి వచ్చినది. ప్రతి పల్లెకు, ప్రతి గడపకు రావలసియున్నది. వీధివరకు వచ్చిన నీరు ఇంటిలోనికి వచ్చుటకు ఎడింబరోలో రెండువందల యేండ్లు పట్టెను. మన కంతకాలము పట్టవలసిన పనిలేదు. ఉపాయము ఇప్పుడందరికి తెలిసినదే.

శిష్యురాలు తన నడకను కాల్టను కొండమీద ముగించెను. ఆ కొండపై పండ్రెండు గొప్ప రాతిస్తంభములు, వానిపై నొక దూలము తప్ప వేరేమియు లేని కట్టడ మొకటి యున్నది. నెపోలియను యుద్ధములలో మరణించిన స్కాట్లండు సైనికులకు స్మారకముగా, ఏథెన్సులోని పార్థినాను ఆలయమునకు ప్రతిబింబముగా దానిని తలపెట్టిరి. 1826లో పని మొదలిడి, 1829లో సొమ్ము చాలక ఆపివేసిరి. అది నేటికిని అట్లే యున్నది. దూరమునకు రమణీయమే. ఎండకు నీడనీయదు, వానకు కప్పుకాదు.

సరిగా ఆ సంవత్సరములలోనే మా సీమలో మరియొక స్కాట్లండువాడు మరణించెను. గ్లాస్గోలో పుట్టిన తామసు మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా అనంతపురమున నుండి, తరువాత చెన్నపట్టణపు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండ కడ కలరాచే గతించెను. పన్నుల విషయమున ఆయనను గూర్చి చరిత్రకారులు వాదింతురు గాక. రైతులు ఆయన పేరు బిడ్డలకు పెట్టుకొనిరి. ఆయన చనిపోయిన చోట దొరతనమువారు చింతతోపు వేయించి, రాతిమెట్ల దిగుడుబావి కట్టించిరి. ఒకే దశకమున రెండు స్మారకములు. ఒకటి కొండపై స్తంభములు, ఒకటి బాటప్రక్క నీరు. ఏది స్మారకమో ఎండలో నడచివచ్చినవానిని అడిగిన చెప్పును.

ఇంతవరకు రాతిమిట్టలను గూర్చి చెప్పితిని. చదువును ఒక మిట్టయే. దాని తలుపు కడ ఎవరు నిలిచిరి, ఎవరిని నిలిపిరి యని అడుగుట ఆ తల్లి ప్రశ్నమునకు రెండవ సగము. నా శిష్యురాలు నేడు చదువుచున్న విశ్వవిద్యాలయముననే 1869లో ఏడుగురు స్త్రీలు వైద్యము చదువ చేరిరి. వారిలో సోఫియా జెక్స్‌బ్లేకు ముఖ్యురాలు. 1870 నవంబరులో వారు పరీక్షకు పోవుచుండగా వైద్యశాల వాకిట మగవిద్యార్థులు గుంపుగూడి, అల్లరిచేసి, బురద విసరి, తలుపు మూసిరి. 1873లో న్యాయస్థానము వారికి పట్టము పొందు హక్కు లేదని తీర్పు చెప్పెను. ఆ విశ్వవిద్యాలయము వారికి మరణానంతరము గౌరవపట్టముల నిచ్చినది 2019లో. ఎడింబరోలో ఆ తలుపు మూసిన మరుసటియేడు, 1874లో, గోదావరి గట్టున ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము బాలికాపాఠశాల తెరచెను. ఏ దేశమును ఇంకొక దేశమునకు కేవలము గురువు కాదు, కేవలము శిష్యుడు కాదు. ఒకచోట తలుపు మూయబడినదను నిజమును, ఒకచోట తెరవబడినదను నిజమును కలిపి చదువుకొనుటయే విదేశయాత్ర వలన కలుగు లాభము.

ఈ రెండవ జాబును తల్లికి చదివితిని. పాఠశాల వదలిన తరువాత, అరుగుమీద. చిన్నపిల్లయు ప్రక్కన కూర్చుండెను. బావి పూడిన కథకు ఆమె తలయూచినది. నక్క, కుందేలు ఊటలకు నవ్వినది. కేడీల కడ మాత్రము నన్ను ఆపినది.

“మగోళ్లు గూడా మోసినారా అయివారూ?”

మోసిరని చెప్పితిని. ఆమె ఇంకేమియు అనలేదు. కొంతసేపు కూతురి పుస్తకపు సంచి వైపు చూచి, కొంగు సవరించుకొని లేచినది. సెలవు సంగతి ఆమె యెత్తలేదు, నేనును ఎత్తలేదు. ట్యాంకరు దినములలో కొడుకు బిందెలు పట్టుచున్నాడని తరువాత చిన్నపిల్ల చెప్పెను. మొదటిమారు సిగ్గుపడి తలకు తువాలు చుట్టుకొని, ముఖము కనబడకుండ పోయెనట. వీధివారు నవ్విరట. రెండవమారు నవ్వలేదట. మూడవమారు మరి యిద్దరు మగపిల్లలు బిందెలతో వచ్చిరట. ఇది గొప్పవిప్లవ మని నేను చెప్పను. ట్యాంకరు ఇప్పటికిని ఆలస్యముగనే వచ్చుచున్నది. బోరు ఎండియే యున్నది. అయినను మా హాజరుపట్టీలో ఆ పిల్ల పేరునకు ఎదుట మంగళవారములందు వరుసగా పడుచుండిన ఖాళీగడులు ఇప్పుడు నిండుచున్నవి.

చదువరులారా, మీలో చాలమంది యిండ్లలో కొళాయి యుండును. పిల్లలు విదేశములనుండి కోటల పటములు పంపుచుందురు. చూచి సంతోషింపుడు. కాని వారికి తిరుగుజాబు వ్రాయునప్పుడు ఆ పల్లెతల్లి యడిగిన ప్రశ్నము నొకసారి అడుగుడు. ఆ మిట్టకు నీళ్లెవరు మోసిరి? పిమ్మట ఆ ప్రశ్నమునే మీ ఇంటిలోను, మీ వీధిలోను, మీ పిల్లలు చదువు బడిలోను అడుగుడు. మా జిల్లాలోని బడులలో వేసవి హాజరుపట్టీలు తెరచినచో, ఏ దినములలో ఏ పేళ్లకు ఎదుట గడులు ఖాళీగా నున్నవో చూచినచో, సమాధానము సగము అచ్చటనే దొరకును.